గుట్ట గుర్రానికి సన్మానం

ఒకప్పుడు గుర్రాలు నేలమీద కాళ్లు బారజాపుకుని, ఊరంతా వినపడేలా గురకపెట్టి నిద్రపోయేవి. నవ్వకండర్రా, నిజం!

ఆ రోజుల్లో పెద్దిరాజు అని ఒక రాజుండేవాడు. ఆయన రాజ్యంలో గుట్టల మీద పొట్టి గుర్రాలు తిరిగేవి. కాళ్లు పొట్టే గానీ, ఎంత నిటారు గుట్టనైనా మేకల్లా చకచకా ఎక్కేసేవి. రాజుగారికేమో ఎత్తు గుర్రాలంటే మోజు. వాటిని ఓడల మీద తెప్పించుకుని, పొట్టివాటిని తరిమేశాడు. మేత లేక, అడిగే దిక్కు లేక అవి ఒక్కొక్కటే రాలిపోయాయి. రెండో మూడో ముసలివి మిగిలాయి. పడుచుదంటే బొల్లి ఒక్కతే. అది కడుపుతో ఉంది.

అప్పుడు మేలుకున్నాడండీ మహారాజు!

"అయ్యయ్యో! ఇంత అరుదైన జాతి మా హయాంలో అంతరించిపోవడమా? వెంటనే కాపాడండి!" అన్నాడు.

కాపాడటమంటే మాటలా మరి? ముందు మండపం కావాలి. బొల్లి మేసే పచ్చికబయలు చదును చేసి, సరిగ్గా అక్కడే రాతిమండపం కట్టారు. పైన పట్టు చాందినీ, పక్కన సన్నాయి మేళం. గడ్డి ఒక్కటే తక్కువైంది. అది తర్వాత చూద్దాంలే అన్నాడు సోమన్న మంత్రి.

ఇక రోజూ సన్మానమే. పొద్దున వర్తకులు, మధ్యాహ్నం పండితులు, సాయంత్రం రాజుగారి అత్తవారి తాలూకు చుట్టాలు. మండుటెండలో శాలువా మీద శాలువా, దండ మీద దండ! ఆకలికి తాళలేక బొల్లి బంతిపూలు నమిలితే, "ఆహా, దండ ఎంత ప్రేమగా స్వీకరించిందో!" అని చప్పట్లు.

పోనీ అలసిపోయి నడుం వాల్చిందా, అంతే సంగతులు.

"గుర్రం పడిపోయింది! జాతి అంతరించిపోతోంది!" అని మంత్రి గావుకేక పెట్టేవాడు. వైద్యులు పరుగున వచ్చి, నోట్లో వెదురుగొట్టం పెట్టి వేపకషాయం పోసేవారు.

"బాబోయ్, నాకు జబ్బు కాదు, నిద్ర!" అంది బొల్లి ఉక్కిరిబిక్కిరవుతూ.

"నిద్రా? రాజుగారు నీ గురించి ఉపన్యాసమిస్తుంటే నిద్రా? ఎంత పొగరే నీకు! లే, లే. జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. పడుకున్న గుర్రాన్ని చూసి ఏం మురుస్తారు?" అన్నాడు సోమన్న.

బొల్లి కళ్లు గుంటలు పడ్డాయి. కడుపులో పిల్ల కదలడం తగ్గింది. ఇలాగే నిద్ర లేకపోతే నా బిడ్డ నాకు దక్కదు అనుకుని, మండపం వెనక మడుగు దగ్గరికెళ్లి భోరుమంది.

మడుగులో ఒంటికాలి మీద ఉన్న కొంగ ఒక కన్ను తెరిచింది.

"ఏంటి బొల్లక్కా, నా నిద్ర పాడుచేశావు?"

"నిద్రేంటే? నిలబడే ఉన్నావుగా!"

"పడుకుంటే నక్క ఊరుకుంటుందా?"

"నక్కయితే నయమే చెల్లీ. నా వెంట పడ్డది అభిమానులు."

కొంగకి జాలేసింది. "అయ్యో పాపం! సరే, నేర్పుతాను. కాళ్లు బిగించు. మెడ వదులు చెయ్. ఒక కాలికి విశ్రాంతి ఇవ్వు. నాలుగున్నాయి కదా అని రెండు ఎత్తేవు, పడతావు!"

బొల్లి వినలేదు. రెండెత్తి, మడుగులో దభీమని పడింది. కొంగ చేత నాలుగు చీవాట్లు తిన్నాక, మూడు కాళ్లు బిగించి, ఒక వెనక్కాలి గిట్టని అంచు మీద ఆనించింది. కన్ను మూతపడింది. ఎన్నాళ్లకో!

మర్నాడు రాజుగారి ఉపన్యాసం. విషయం: 'గుట్ట గుర్రమూ, నేనూ'. బొల్లి నిలబడి, కునికిపాట్లు పడుతూ తలూపుతోంది.

రాజు మురిసిపోయాడు. "చూశావటయ్యా మంత్రీ! నా మాటలు ఇంత శ్రద్ధగా మా రాణీవారు కూడా వినలేదు!"

"చిత్తం ప్రభూ. అక్షరమక్షరానికీ తలూపుతోంది."

ఆ ఉత్సాహంలో ఆయన ఇంకాసేపు మాట్లాడాడు. బొల్లి ఇంకాసేపు నిద్రపోయింది. రోజూ అదే వరస. కడుపులో పిల్ల మళ్లీ తన్నడం మొదలుపెట్టింది.

కొన్నాళ్లకి బుల్లి గుర్రప్పిల్ల పుట్టింది. ఇంకా ఒళ్లు ఆరనేలేదు, సోమన్న చిన్న శాలువా పట్టుకుని దిగబడ్డాడు.

"పిల్లేదే బొల్లీ? సన్మానం చెయ్యాలి."

పిల్ల తల్లి వెనకే, నేలమీద కాళ్లు బారజాపుకుని ఆదమరిచి నిద్రపోతోంది. బొల్లి ఒళ్లు విరుచుకుని, దానికి అడ్డంగా నిలబడింది.

"ఆడుకోవడానికెళ్లిందండీ. మీరు ఉపన్యాసం మొదలుపెట్టండి, ఈలోగా వచ్చేస్తుంది."

సోమన్నకి అంతకన్నా కావలసిందేముంది? గొంతు సవరించుకున్నాడు. బొల్లి కళ్లు మూసుకుంది.

అప్పటినుంచే గుర్రాలు నిలబడి నిద్రపోతున్నాయి. పిల్లలు మాత్రం హాయిగా నేలమీద పడుకుంటాయి, తల్లి పక్కనే కాపలా ఉంటుంది. పెద్ద గుర్రం కూడా ఎప్పుడైనా కాసేపు నడుం వాలుస్తుంది. కానీ చుట్టుపక్కల తనని కాపాడేవాళ్లెవరూ లేరని గట్టిగా తేల్చుకున్నాకే.