నిప్పు మీద కన్నేసిన అన్నదమ్ములు

ఆ బొగ్గుబాయి కాలనీ మొత్తంలో బుద్ధిమంతులెవరంటే ఓదెలు, అతని తమ్ముళ్ళు గట్టయ్య, రాజలింగు. ఈ మాట కాలనీలో ముగ్గురు గట్టిగా చెబుతారు. ఆ ముగ్గురూ వీళ్ళేననుకోండి, అది వేరే సంగతి. "సొంత తెలివి వాడెటోనికి తప్పులైతయి. చెప్పింది చెప్పినట్టు జేసెటోనికి ఏ తప్పుగాదు," అనేవాడు ఓదెలు మీసం దువ్వుకుంటూ.

అలాంటివాణ్ణి, షిఫ్టు పనులన్నీ చూసుకునే ఓవర్‌మన్ వీరభద్రం సారు గనిలో మంటలార్పే జట్టుకు మేస్త్రీని చేశాడు. ఇంకేముంది, ఓదెలు కాలు నేల మీద నిలవలేదు. ఎర్ర సిలిండర్లు, ఇసుక బకెట్లు, గోడ కట్టే ఇటుకలు, సిమెంటు, అన్నీ అతని చేతికే వచ్చాయి. ఆ పని పోతే బతకలేననుకునేంత ఇష్టం పెంచుకున్నాడు.

ఒకరోజు పొద్దుటి షిఫ్టులో, బొగ్గు తీసేసి వదిలేసిన పాత సొరంగంలో పొగ లేచింది. మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకోవడం గనుల్లో ఉన్నదే. మొదట్లోనే ఆర్పకపోతే మాత్రం బాయి మూతపడుతుంది, కాలనీలో అందరి నోటికాడి కూడూ పోతుంది.

గట్టయ్య సిలిండర్ ఎత్తాడు. ఓదెలు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"సారేమన్నడు? సిలిండర్లు ఎప్పుడు చూసినా నిండుగుండాలన్నడు. నువ్వు నొక్కితే ఖాళీ గాదా?"

"అవునే అన్నా, కొంపముంచుతుంటి," అని గట్టయ్య సిలిండర్‌ని తుడిచి మళ్ళీ మేకుకు తగిలించాడు. అంతే, మంట ఇంకొంచెం పెరిగింది.

రాజలింగు ఫోన్ దగ్గరికి ఉరికాడు. "నేనొస్తున్న," అన్నాడు సారు. "ఈలోపు అడ్డంగ గోడ కట్టుండ్రి. గాలి అందకపోతే నిప్పు చస్తది. చీమ దూరే సందు గూడ ఉంచకుండ్రి. నిప్పు మీదికెల్లి కన్ను తియ్యకుండ్రి."

ముగ్గురూ చకచకా పనిలోకి దిగారు. గోడ మోకాలెత్తు లేచాక గట్టయ్య తల గోక్కున్నాడు. "అన్నా, గోడ లేస్తే నిప్పు కనబడది. మరి కన్నెట్ల పెట్టాలె?"

ఓదెలు కాసేపు ఆలోచించాడు. ఆలోచిస్తే అతనికి తట్టనిదంటూ లేదు. "లోపటికెల్లి కడ్తే కనబడ్తది గద."

ఇంకేముంది, ఇటుకలూ సిమెంటూ లోపలికి మోసుకుని, పైకప్పుదాకా గోడ లేపి, సందులన్నీ మెత్తారు. తర్వాత గోడకు వీపులానించి వరసగా కూర్చుని నిప్పును చూస్తూ దగ్గసాగారు.

"అన్నా, గాలి అందకపోతే నిప్పు చస్తదన్నడు. మరి మనం?" అన్నాడు రాజలింగు.

"మనం నిప్పా?" అని కసిరాడు ఓదెలు.

సారు వచ్చేసరికి గోడ తయారుగా ఉంది. ఎక్కడా సందు లేదు. మెచ్చుకుందామని చుట్టూ చూస్తే మనుషులు లేరు. గోడలోంచి దగ్గు వినబడింది.

"లోపలెవడ్రా?"

"మేమే సార్. కన్ను తియ్యలే."

సారు గోడ మీద దబదబా బాదాడు. "గోడ పగలగొట్టి బయటికి రాండ్రిరా."

"మీ సంతకం లేంది కట్టిన గోడ ముట్టొద్దని మీరే చెప్పిండ్రు గద సార్."

"పెడ్తరా నాయనా, సంతకం పెడ్త."

"పెట్టి ఎట్లిస్తరు సార్? సందు లేదు గద," అన్నాడు ఓదెలు, తన పనితనానికి తనే మురిసిపోతూ.

సారు గడ్డపార తెచ్చి పచ్చిగోడను కూలదోసి, ముగ్గురినీ చొక్కాలు పట్టి బయటికి లాగాడు. సిలిండర్లు తనే నొక్కాడు. ఒక్కోటి ఖాళీ అవుతుంటే ఓదెలు ప్రాణం ఉసూరుమంది. తర్వాత వేరే మనుషులు వచ్చి బయటి నుంచి గోడ కట్టారు. బాయి బతికింది.

"రేపటిసంది మీ మొఖాలు నాకు చూపెట్టకుండ్రి," అన్నాడు సారు వగరుస్తూ.

ఓదెలుకు ఏడుపొక్కటే తక్కువ. ఇంటికి పోతూ దారి మధ్యలో టక్కున ఆగాడు. "ఒరే, పనికి రావొద్దన్నడా?"

"అనలే. మొఖాలు చూపెట్టొద్దన్నడు, గంతే," అన్నాడు గట్టయ్య.

"మరింకేంది?"

మర్నాడు ముగ్గురూ తలా ఒక ఇసుక బకెట్ పట్టుకుని సొరంగంలోకి వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చారు. సారు ఇంకా పచ్చి ఆరని కొత్తగోడకు చెయ్యి ఆనించి, వేడి తగ్గిందో లేదో చూస్తున్నాడు. తిరిగి చూసేసరికి మూడు వీపులు మీదికొచ్చేశాయి. అంతే, సారూ గోడా కలిసి కూలారు. లోపలి పొగ గుప్పున బయటికొచ్చింది.

"ఇసుక పొయ్యుండ్రిరా," అని కిందనుంచే అరిచాడు సారు. "ఇటు తిరిగి పొయ్యుండ్రి."

"తిరిగితే మొఖం కనబడ్తది సార్," అన్నాడు ఓదెలు. ఈసారి పని పోగొట్టుకోదలచలేదు అతను. తమ్ముళ్ళకు సైగ చేశాడు. ముగ్గురూ బకెట్లెత్తి తలల మీదుగా వెనక్కి కుమ్మరించారు. మూడు బకెట్ల ఇసుకా దబ్బున పడింది. సారు అరుపు ఠక్కున ఆగిపోయింది.

"ఆరిందా సార్?" అని అడిగాడు ఓదెలు.

ఇసుక కిందనుంచి బుస్సుబుస్సుమని ఏదో ఊపిరి మాత్రం వినబడుతోంది.

"ఇంకా కొంచెం రాజుకుంటున్నట్టున్నదిరా," అన్నాడు ఓదెలు. "పాండ్రి, ఇంకో మూడు బకెట్లు తెద్దాం."