కరణంగారి కొలతతాడు

ఇదివరకు నేనెప్పుడూ ఏదీ రాసి ఎరగను. ఈ కథ చెప్పాలనిపించింది, తప్పులుంటే సర్దుకోండి.

పూర్వం ఒక ఊళ్ళో పేరమ్మ అనే ఆవిడ జనపనారతో తాళ్ళు పేనుకుని బతికేది. ఊరి కరణం జోగిపంతులు తన దొడ్డిలో తూర్పు సగం, అందులో ఉన్న ఇల్లూ ఆమెకి అమ్ముతానన్నాడు. దొడ్డి మొత్తం నలభై బారల పొడవు. బావితాడు సాగదీసి పేనాలంటే ఇరవై బారల జాగా ఉండాలి. మూరెడు తగ్గినా ఆ ఇల్లు పేరమ్మకి దండగే. అందుకని కొలిచాకే కొంటానంది.

పంతులు పెద్దమనుషుల్ని పిలిచి, కొలతతాడు తెచ్చాడు. పేరమ్మ కొస పట్టుకోగానే చేతికి చెమ్మ తగిలింది. తడిసిన జనపతాడు కుంచించుకుపోతుందని, దాంతో కొలిస్తే తన సగం తరుగుతుందని ఆమెకి తెలియదూ? కానీ కరణంగారిది దొంగకొలత అంటే ఊళ్ళో ఉండనిస్తారా?

"పంతులుగారూ, ముందు మీ ఇరవై బారలు కొలుచుకోండి. మిగిలింది నాకివ్వండి," అంది నెమ్మదిగా.

"అదేమిటే, కొనేది నువ్వు కదా?"

"పెద్దవారు, మీకు తక్కువ రాకూడదు కదండీ. ఎవరికి కొలిచినా తాడు అదేగా."

పెద్దమనుషులు న్యాయంగానే ఉందన్నారు. ఆ తాడుతో కొలిస్తే ఇప్పుడు తరిగేది పంతులు సగమే. ఆయన గొంతు సవరించుకుని, "తాడు కాస్త తడిసినట్టుంది. ఆరనీ, రేపు చూద్దాం," అన్నాడు.

"మీ ఇష్టమండీ," అంది పేరమ్మ.

మర్నాడు పొద్దున్నే ఆరిన తాడుతో ఇద్దరికీ ఇరవయ్యేసి బారలు కొలిపించి, తన సగం కొనుక్కుని, ఆ హద్దు ఇక జరగకుండా దాని పొడుగునా గోరింట కొమ్మలు నాటింది. "ఇవి పెరిగాక మీ ఇంట్లో అమ్మగారిని అటువైపు నించి ఆకు కోసుకోమనండి," అని పంతులుకి చెప్పింది.