మన్ను మోసే నీరు

అడిగిన నాడే జవాబు చెప్పడం సన్యాసప్పగారి అలవాటు కాదు. ఆయన ఇల్లూ వాకిలీ ఉన్న గురువు. పగలు తన మడి పని చూసుకుని, పొద్దు వాలాక అరుగు మీద కూర్చుంటే, వినాలనుకున్నవాళ్లు వచ్చి వినిపోయేవారు. వాళ్లలో కాలువల ఓవర్సీరు తవిటినాయుడు ఒకడు. వైశాఖంలో ఒకనాడు అందరూ లేచి వెళ్లాక అతనొక్కడే మిగిలి, తన మనసు ఒక్క క్షణం కుదురుగా ఉండటం లేదనీ, దాన్ని నిలిపే ఉపాయం చెప్పమనీ అడిగాడు. గురువుగారు విని, భోజనానికి లేచారు.

అతని కుదురు ఎందుకు పోయిందో ఊరందరికీ తెలుసు. కొండల నుంచి దిగే గెడ్డకు ఆనకట్ట ఉంది. దాని తూము నుంచి శివారు పొలాలకు కిందటేడు అతను కొత్త కాలువ తీయించాడు. నీరు త్వరగా చేరాలని ఇరుకుగా, బాగా వాలుగా తీయించాడు. శ్రావణంలో వరదనీరు ఆ వాలున పరుగెత్తి, మొదటి మలుపులోనే గట్టు కోసి గండి కొట్టింది. అసిరమ్మ అనే ఒంటరి మనిషి ఎకరం పొలం మోకాలి లోతు ఇసుక కింద పడింది. ఆమెకున్న ఒక్క ఎద్దూ కొట్టుకుపోయింది. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే తవిటినాయుణ్ణి తినేసింది. అన్నం ముందు కూర్చుంటే గండి కనిపించేది. భార్య ఏదో చెబుతుంటే సగంలో లేచి చెప్పులు తొడుక్కునేవాడు. ఎక్కడికని అడిగితే అతనికే తెలిసేది కాదు.

ఈ ఏడు కాలువను తిరగతవ్వించాడు. వెడల్పు రెట్టింపు చేసి, వాలు తగ్గించాడు. మృగశిర కార్తెలో వదిలిన నీరు గట్టుకు గీత పడకుండా నిదానంగా పారింది. తూము దగ్గర ఎర్రగా ఉన్న నీరు సగం దూరం వచ్చేసరికి అడుగు కనిపించేంత తేటగా ఉంది. ఆ తేటనీరు చూసిన రోజున అతను ఏడాది తర్వాత కడుపునిండా తిన్నాడు.

నెల తిరక్కుండానే చివరి మడులకు నీరు అందడం మానేసింది. తూము నిండుగానే పారుతోంది, శివారులో నారు మాత్రం పండుబారింది. అతను రోజుకు రెండుసార్లు కాలువ వెంట నడిచాడు. తూము తలుపు ఎత్తించాడు, దించాడు, మళ్లీ ఎత్తించాడు. అసిరమ్మ పొలం ఉన్న మలుపు దగ్గర మాత్రం గట్టు దిగి, గెడ్డ దారిన చుట్టూ తిరిగిపోయేవాడు. చివరికి గురువుగారి దగ్గరికి పరుగెత్తాడు. ఆయన పంచె ఎగ్గట్టి వెంట వచ్చి, తేటనీటిలోకి దిగమన్నారు.

దిగిన కాలు మోకాలి దాకా బురదలో కూరుకుపోయింది. గెడ్డ మోసుకొచ్చిన మన్నంతా దారిలోనే దిగబడి, కాలువ సగానికి పూడిపోయింది.

అక్కడి నుంచి గురువుగారు ఎగువకు నడిచారు. మలుపు కనిపించగానే తవిటినాయుడు ఆగిపోయాడు. ఆయన ఆగలేదు. చేసేది లేక వెనకే వెళ్లాడు. అక్కడ కాలువలో రెండు వైపులా వెదురు గుంజలు పాతి, కంప అల్లి ఉంది. ఆ ఇరుకులో నీరు ఎర్రగా, చిన్న సవ్వడితో పోతోంది. దిగితే అడుగు గట్టిగా తగిలింది. ఇసుక రేణువులు చీలమండలు రాసుకుంటూ ముందుకు పోతున్నాయి. గట్టు మాత్రం కోసుకోవడం లేదు. అసిరమ్మ ఆ ఎర్రనీటిని తన పొలంలోకి మళ్లించి పారతో సర్దుతోంది. ఇసుక మీద బెత్తెడు మందాన ఒండ్రు కట్టింది.

"మెల్లగ్గా పోతే మన్ను దారిలోనే దిగిపోద్ది బాబూ, మరీ తోలితే గట్టు తినేద్ది. నాలుగుసార్లు పీకి పాతాను ఈ గుంజలు," అందామె. మళ్లీ పార పట్టి, "మీరు గెడ్డ దారిన పోతంటే రోజూ చూస్తన్నాను," అంది.

తవిటినాయుడు నీళ్లలో నిలబడే, ఎద్దు పోయింది తన తప్పువల్లేనని, ఏడాదిగా చెప్పాలనుకున్న మాట చెప్పాడు. ఆమె పార ఆపి విన్నది. విన్నాక, గుంజలు ఎంత ఎడంగా పాతాలో చూపించింది.

ఆ వారంలోనే పూడిక తీయించి, ఆమె చెప్పిన కొలతకు కాలువంతా ఇరుకు చేశారు. నారు సగం దక్కింది. కార్తీకంలో తవిటినాయుడు అరుగు దగ్గరికి వచ్చాడు. కాలువ బాగానే ఉంది కానీ, మనసు ఇంకా పరుగెడుతూనే ఉందనీ, తెల్లారితే అసిరమ్మ పొలం చూసి రాకపోతే కాలు నిలవడం లేదనీ చెప్పుకున్నాడు.

గురువుగారు ఆ రోజు మాత్రం వెంటనే జవాబు చెప్పారు.

"గట్టు తెగనంత వరకూ పారనీ నాయుడూ. ఎవరి మడికి అందుతోందో చూసుకో."