పొట్నూరి నూకాలు అట్ల బండి

మా నేరేడువలసలో పొట్నూరి వాళ్ళంత తెలివైన వాళ్ళు లేరు. ఈ మాట ఊరు అనదు, వాళ్ళే అంటారు. "సొంత తెలివి వాడితేనే కదండీ తప్పులొచ్చేది! మాకు చెప్పింది చెప్పినట్టు చేయడమే తెలుసు" అని ఇంటి పెద్ద అప్పలకొండ మీసం దువ్వుకుంటాడు. కొడుకు సన్యాసిరావు, కోడలు ముత్యాలు అవునవునని తలలూపుతారు.

ఆ ఇంటికి అన్నం పెట్టేది మాత్రం అప్పలకొండ పెళ్ళాం నూకాలు. బస్టాపు దగ్గర అట్ల బండి ఆమెది. ముప్ఫై ఏళ్ళు పెనం ముందు నిలబడీ నిలబడీ తుంటి అరిగిపోయింది పాపం. పట్నం తీసుకెళ్తే ఆపరేషన్ చేసి కొత్త కీలు వేశారు. "ఆరు వారాలు జాగ్రత్తగా ఉంటే మళ్ళీ నీ పెనం ముందు నువ్వే నిలబడొచ్చమ్మా" అన్నాడు డాక్టరు. నూకాలు ఆ ఒక్క మాటే పట్టుకుంది. జాగ్రత్తలన్నీ రాసిన కాగితం అప్పలకొండ చేతిలో పడింది. ఇంకేముంది!

ఇంటికి రాగానే కాగితాన్ని గోడ మేకుకి తగిలించి పసుపు బొట్టు పెట్టారు. నడిచే దారిలో అడ్డంగా ఏ సామానూ ఉండకూడదని అందులో మొదటి మాట. చాపలు, గోనెపట్టాలు, ఫ్యాను వైరు, అన్నీ తీసి అవతల పడేశారు. నిజం చెప్పొద్దూ, ఆ పని భేషుగ్గా చేశారు. నూకాలు కూడా మెచ్చుకుంది. ఆ మెచ్చుకోవడమే ఆవిడ చేసిన తప్పు.

తర్వాత కుర్చీ సంగతి. మోకాళ్ళు తుంటి కంటే పైకి రాకూడదు, అందుకని కుర్చీ ఎత్తుగా ఉండాలట. కుర్చీ కాళ్ళ కింద ఇటుకలు పెట్టారు. "సరిపోయిందా?" అన్నాడు అప్పలకొండ.

"కొంచెం ఎత్తే మంచిదంటే ఇంకా ఎత్తయితే ఇంకెంత మంచిదో కదా మామయ్యా!" అంది ముత్యాలు.

అంతే, కుర్చీ బల్ల మీదికెక్కింది. నలుగురం కలిసి నూకాల్ని దాని మీద కూర్చోబెట్టాం. నేనూ ఓ చెయ్యి వేశాను, ఏం చేస్తాం, ఇరుగుపొరుగు. ఆవిడ తల ఫ్యానుకి జానెడు దూరంలో ఉంది.

"ఓరి మీ తెలివి తగలెయ్యా! దింపండిరా నన్ను!"

"కూర్చోబెట్టమనే రాశారమ్మా, దింపమని ఎక్కడా లేదు" అన్నాడు సన్యాసిరావు, కాగితం వెనకవైపు కూడా తిప్పి చూసి. ఆవిడ తిట్లకి వీధి వీధంతా వచ్చి దింపింది.

ముందుకి వంగకూడదని ఇంకో మాట. ఎవరు వంగకూడదో పేరు రాయలేదు. ఎందుకైనా మంచిదని ఇంట్లో అందరూ వంగడం మానేశారు. చీపురు పట్టే నాథుడు లేడు. ముత్యాలు మేనమామ శుభలేఖ పట్టుకుని వస్తే, ఆ పిల్ల కాళ్ళకి దండం పెట్టకుండా గుంజలా నిలబడింది. ఆయన మొహం మాడ్చుకుని కాఫీ కూడా ముట్టకుండా పోయాడు. పక్కకి తిరిగి పడుకుంటే కాళ్ళ మధ్య దిండు పెట్టుకోమన్నారా, దానికీ పేరు లేదు. నలుగురికీ నాలుగు దిండ్లు, పిల్లికి ఓ చిన్న దిండు. పిల్లి ఆ రోజే ఇల్లు వదిలి మా ఇంటికొచ్చేసింది.

ఇక వ్యాయామాలు. పడుకుని మడమని మెల్లగా వెనక్కి జరపాలి, తొడ బిగించి వదలాలి. మూడు పూటలా పదేసి సార్లు. లెక్కపెట్టే ఉద్యోగం అప్పలకొండది. పెనం కళ్ళ ముందు కనిపిస్తుంటే నూకాలు చెమటలు కక్కుకుంటూ చేసేది. ఓ రోజు నాలుగోసారికే "ఆపు!" అని అరిచాడు.

"ఏమైందయ్యా?"

"నొప్పి వస్తే ఆపేయాలని రాసుంది కదే."

"నాకే నొప్పీ లేదు!"

"నాకుందే. పన్ను."

ఇంకేముంది, ఆ పన్ను తగ్గేదాకా మూడు రోజులు ఆవిడని కాలు కదపనివ్వలేదు. నూకాలు ఏడ్చింది. నవ్వకండి, నిజంగానే ఏడ్చింది. ఆయన మధ్యాహ్నం కునుకు తీసినప్పుడల్లా దుప్పటి కింద దొంగతనంగా మడమ జరుపుకునేది, మా చిన్నమ్మాయి రాజ్యలక్ష్మి కంచం కింద కూర ముక్క దాచుకున్నట్టు.

ఆరు వారాలైంది. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నడిచేటప్పుడు ముందు వాకర్ వెళ్ళాలి, తర్వాత ఆపరేషన్ కాలు, ఆ తర్వాత మంచి కాలు అని కాగితంలో ఉంది. సన్యాసిరావు వాకర్ని భుజానేసుకుని మొదటి బస్సుకే పట్నం చెక్కేశాడు.

"పేషెంటు ఏరయ్యా?" అన్నాడు డాక్టరు.

"వాకర్ ముందొచ్చిందండి. ఆపరేషన్ కాలు పది గంటల బస్సుకి. మంచి కాలు ఆ వెనక బస్సుకి."

ఇక్కడ అప్పలకొండ ఒక కాలిని ముందు బస్సెక్కించడం ఎలాగా అని తల పట్టుకు కూర్చున్నాడు. నూకాలు ఆయన్ని తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టి, ముత్యాలు భుజం పట్టుకుని రెండు కాళ్ళూ ఒకేసారి ఆటోలో పెట్టింది.

డాక్టరు అటూ ఇటూ నడిపించి చూశాడు. "బ్రహ్మాండం! ఇక వాకర్ వద్దు, చేతికర్ర చాలు. రేపట్నించి కాసేపు పెనం ముందు నిలబడు, కాసేపు కూర్చో" అన్నాడు. నూకాలు కొంగుతో కళ్ళొత్తుకుంది. "అంతా మా తెలివే డాక్టరుగారూ" అన్నాడు అప్పలకొండ.

ఆ సాయంత్రమే బండి కడిగించి బస్టాపు దగ్గర పెట్టించింది. పిండి రుబ్బించింది. తెల్లారాక తలకి నూనె రాసుకుని, మంచి చీర కట్టుకుంది. "ఇవాళ నన్నెవరూ పట్టుకోవద్దు. నా బండి దగ్గరికి నేనే నడుస్తాను. మీరు ముందెళ్ళి దారి చూడండి" అంది. ముగ్గురూ పరుగెత్తారు.

నూకాలు కర్ర పట్టుకుని బయల్దేరింది. మేమంతా అరుగుల మీద నిలబడి చూశాం. ఒక్కసారి కూడా ఆగలేదండీ! బస్టాపు దగ్గర అట్ల కోసం పదిమంది ఎదురుచూస్తున్నారు, ఆరు వారాలుగా మొహం వాచి ఉన్నారు మరి.

తీరా చూస్తే అక్కడ బండి లేదు. నాలుగు చక్రాల గుర్తులున్నాయి.

"ఒరే, నా బండేదిరా?"

"సరిగ్గా నువ్వొచ్చే దారికే అడ్డంగా ఉందమ్మా" అన్నాడు సన్యాసిరావు ఆయాసపడుతూ. "మేం చూశాం కాబట్టి సరిపోయింది. వెనక సందులోంచి తోసుకెళ్ళిపోయాం."

"ఎక్కడికి?"

"ఇంటికేనే" అన్నాడు అప్పలకొండ మీసం దువ్వుకుంటూ. "నీ మంచం మీద పడుకోబెట్టాం. పక్కకి ఒరిగింది గనక, చక్రాల మధ్య దిండు కూడా పెట్టాం."