కొండచిలువకు కొసరి వడ్డన

అవధానిగారిని ప్రశ్న అడగాలంటే శిష్యులు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేవారు. ఆయనకు కోపమెక్కువని కాదు. జవాబుకు బదులు ఆయన పని చెప్పేవారు. మనసు నిలవడం లేదని మొరపెట్టుకున్న ప్లీడరుగారొకరు వేసవంతా దగ్గరుండి ఆశ్రమం బావిలో పూడిక తీయించవలసి వచ్చింది. జవాబు దొరికిందో లేదో ఆయన ఎవరికీ చెప్పలేదు గానీ బావిలో నీళ్ళు మాత్రం పడ్డాయి.

ఇదంతా తెలిసి కూడా భ్రమరాంబ అడిగింది. అడగకుండా ఉండలేని స్థితిలో ఉంది పాపం.

ఉప్పాడ దారిలో సరుగుడు తోటల మధ్య ఉన్న ఆ ఆశ్రమంలో సంతర్పణ జరిగితే వడ్డన భ్రమరాంబదే. చాలమ్మా అని విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినవాడికి వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోయగల ఇల్లాలు. పిల్లలు లేరు. ఆ చలికాలంలో చెల్లెలూ మరిదీ కారు ప్రమాదంలో పోతే, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ప్రణవిని ఇంటికి తెచ్చుకుంది. పదకొండేళ్ళ పిల్ల. వచ్చిన నాటినుంచి గదిలోంచి బయటికి రాదు, కంచం ముందు కూర్చుంటే రెండు ముద్దలు మించి మింగదు. చిక్కి సగమైంది. బడులు తెరిచేలోగా పిల్ల కుదుటపడకపోతే హాస్టల్లో చేర్పిద్దామని భర్త తేల్చి చెప్పాడు. ఆయన చెడ్డవాడేం కాదు, తోటిపిల్లల మధ్యనైనా తింటుందేమోనని ఆశ. భ్రమరాంబకు మాత్రం ఆ మాట వింటే గుండె ఆగినంత పనైంది.

"గురువుగారూ, ఇంత ప్రేమగా పెడుతుంటే పిల్ల ఎందుకు తోసేస్తోందండీ? నాలో ఏం లోపం?" అని అడిగింది.

ఆమె అడిగిన రోజునే ఆశ్రమానికి పాము వచ్చింది. కాకినాడలో పశువైద్యం చేసే కిరీటి అనే శిష్యుడు దాన్ని గాజుపెట్టెలో పెట్టుకుని తెచ్చాడు. బాల్ పైథాన్ అట. పరదేశపు కొండచిలువ, ఇంకా పిల్లది, విషం లేదు. బెదిరితే తల లోపలికి దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. ఎవరో పెంచలేక వదిలేస్తే ఇతను తెచ్చుకున్నాడు, కానీ పామును చూసి ఇల్లుగలాయన ఖాళీ చెయ్యమన్నాడు. వేరే ఇల్లు దొరికేదాకా ఇక్కడ ఉంచమని బతిమాలాడు.

"కొత్త చోటుకొస్తే ఇది బాగా బెదురుతుందండి. కొన్నాళ్ళు ఎవరూ ముట్టుకోకూడదు, తీసి చూడకూడదు. దాక్కోడానికి ఈ కొబ్బరిచిప్ప, తాగడానికి నీళ్ళు, ఒక పక్క కరెంటుతో వెచ్చబడే ఈ పరుపు. అంతే. ఆ తరవాత నేను తెచ్చే చచ్చిన చిట్టెలుక పెడితే చాలు," అన్నాడు కిరీటి.

ఉల్లిపాయ కూడా చొరని ఆశ్రమంలో ఎలుకలేమిటని వంటవాళ్ళు ముక్కుమీద వేలేసుకున్నారు. అవధానిగారు, "దాని విస్తరి దానిది," అని ఊరుకుని, భ్రమరాంబ వైపు తిరిగారు. "దీన్ని నువ్వు చూసుకో అమ్మా. ఇది తిన్నాక నీ సంగతి చూద్దాం."

ఆమెకు లోపల మండిపోయింది. కడుపు రగిలిపోతూ వస్తే పామును అంటగట్టాడీయన అనుకుంది. అయినా ఒప్పుకున్న పనిని అశ్రద్ధ చేసే మనిషి కాదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

పక్క గదిలో ఒంటరిగా ఉంటే బెంగ పెట్టుకుంటుందని పెట్టెను నలుగురూ తిరిగే హాలులోకి మార్పించింది. ఏటా నాగులచవితికి పుట్టలో పాలు పోసిన చెయ్యి కదా, నీళ్ళ గిన్నెలో ఆవుపాలు పోసింది. పామును తాకలేదని మరునాడు కాస్త వెచ్చచేసి పోసింది. పక్కన చలిమిడి ఉండ పెట్టింది, కోడిగుడ్డు పెట్టింది, గాజుకు పసుపూ కుంకుమా అద్దింది. గంటకోసారి చిప్ప ఎత్తి, "తిను తల్లీ, ఒక్కటంటే ఒక్కటి," అని బుజ్జగించింది. వచ్చిన భక్తులు దండాలు పెట్టారు, పిల్లలు గాజు మీద వేళ్ళతో కొట్టారు. కిరీటి ఎలుకను తెచ్చిచ్చినప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని, పటకారుతో పట్టి, సరాసరి పాము మూతి దగ్గరికే తీసుకెళ్ళింది. పాము ఇంకాస్త బిగుసుకుంది. ఎలుక పెట్టినచోటే ఉండి వాసన కొట్టింది.

"ఇది చచ్చిపోతుందండీ. నా చేతిలో ఏదీ బతికేలా లేదు," అని భ్రమరాంబ గురువుగారి ముందు నిలబడి భోరుమంది. ఆమె ఏడ్చింది పాము కోసం ఒక్కటే కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

అవధానిగారు లేచి వచ్చి, పెట్టెను చింతపండు కుండలుండే వెనక గదిలో పెట్టించారు. తన పాత కండువా పెట్టె మీద కప్పి, "నీళ్ళు మార్చు. దాన్ని పలకరించకు," అన్నారు.

భ్రమరాంబకు అది నోరు కట్టేసినట్టే ఉంది. రోజూ వెళ్ళేది, గిన్నె కడిగి నీళ్ళు పోసేది, వచ్చేసేది. తలుపు దాటాక గుమ్మంలో కాసేపు తచ్చాడేది. కిరీటి మళ్ళీ వచ్చినప్పుడు ఎలుకను చిప్పకు కొంచెం దూరంగా పెట్టి, కండువా కప్పి, వెనక్కి చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది. పొద్దున వచ్చి చూస్తే ఎలుక లేదు. పాము నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉంది.

ఆమె ఆనందానికి పట్టపగ్గాల్లేకపోయాయి. ఇన్నాళ్ళూ తాకడానికే వణికిన మనిషి, ఆ క్షణంలో భయమే మరిచిపోయి పామును రెండు చేతుల్లోకీ ఎత్తుకుంది. హాలులోకి తీసుకొచ్చి, "తింది! మా తల్లి తింది!" అని అందరికీ చూపించింది. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయింది పాము. పాత్ర మూతలతో చప్పుడు చేసిన వంటవాళ్ళూ ఉన్నారు. అంతలో దాని మెడ ఒకలా మెలితిరిగింది. నోరు పెద్దదిగా తెరుచుకుంది. మింగిన ఎలుకను అక్కడే, అందరి కాళ్ళ దగ్గరే, కక్కేసింది.

భ్రమరాంబ అలాగే నేలమీద కూలబడింది. అవధానిగారు ముందు పామును తీసుకెళ్ళి పెట్టెలో పెట్టి వచ్చారు. తరవాత చాలా మెల్లగా, "అది తన ఆకలికి తింది భ్రమరాంబా. నీ సంతోషానికి కక్కింది," అన్నారు.

ఆ మాటకు ఆమె అప్పుడు ఏడవలేదు. ఇంటికి వెళ్ళాక వంటింట్లో, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. కిందటి వారం పిల్ల ఒక దోసె పూర్తిగా తిన్నప్పుడు ఊళ్ళో ఉన్న ఆడపడుచుకు ఫోన్ చేసి పిల్ల ఎదుటే మురిసిపోవడమూ, ఆ పూటే పిల్ల మళ్ళీ తలుపు వేసుకోవడమూ గుర్తొచ్చాయి.

పాము మళ్ళీ తినడానికి చాలాకాలం పట్టింది. తిన్నదని తెలిసినా భ్రమరాంబ ఆశ్రమంలో ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు మార్చి, కండువా సర్ది, మామూలుగా వచ్చి కూరలు తరుక్కుంది. ఇంట్లో కూడా కంచం ముందు కాపలా కూర్చోవడం మానేసింది. అన్నం, కూర, చారు బల్ల మీద పెట్టి, "పెట్టానమ్మా," అని ఒక్క మాట చెప్పి పెరట్లో బట్టలు ఆరేసుకునేది. అలా ఆరేసుకోవడం ఆమెకు ఎంత కష్టమైందో ఆ బట్టలకే తెలియాలి. మరో రెండు రోజుల్లో బడులు తెరుస్తారనగా, ఒక మధ్యాహ్నం ఆమె రొప్పుకుంటూ ఆశ్రమానికి వచ్చింది.

"గురువుగారూ! నేను పెరట్లో ఉంటే తనే గుమ్మంలోకొచ్చిందండీ. 'పెద్దమ్మా, ఇంకొంచెం చారు పొయ్యవా' అంది."

"ఎంత పోశావు?"

"అడిగినంతే పోశానండి. ఏమీ అనలేదు. మీకు చెబుదామని ఇలా పరుగెత్తుకొచ్చాను."

అవధానిగారు ఆమె వైపు చూశారు.

"మళ్ళీ అడిగితే పొయ్యడానికి ఇంట్లో ఎవరున్నారమ్మా?"