పంపాపతి పళ్ళెం

పంపాపతి నడుము సన్నబడిందని మఠంలో అందరికంటే ముందు కనిపెట్టినవాడు కొట్రప్ప. మిగతావాళ్ళు పంపాపతి మొహం చూసి మాట్లాడేవాళ్ళు. కొట్రప్ప మాత్రం అతని పొట్ట చూసి మాట్లాడేవాడు.

రాయదుర్గం వైపు రాళ్ళకొండల నడుమ ఉన్న చిన్న మఠం అది. గురువు చెన్నబసవ స్వామి. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. కొట్రప్ప ఆయన దగ్గర పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాడు, వంటశాల అంతా అతని చేతుల్లోనే. పంపాపతి వచ్చి నాలుగేళ్ళయింది. తోటపని చేస్తాడు.

ఏటా జాతరకు ఆ మఠం నుంచి నందికోలు కొండమీది గవికి, అంటే గుహలోని గుడికి పోతుంది. నందికోలంటే మూడు నిలువుల గడ. పొడవునా ఇత్తడి బిళ్ళలు, గంటలు, కొసన జెండా. మోసేవాడు నడుముకు తోలుపట్టీ బిగించుకుని, ఆ పట్టీకున్న గిన్నెలో గడ మొదలు ఆనించి, నిటారుగా నిలబెట్టి మెట్లెక్కాలి. దారిలో ఎక్కడా అది నేలను తాకకూడదు.

పదకొండేళ్ళు దాన్ని కొట్రప్పే మోశాడు. పోయినేడు మాత్రం పొట్ట మీద పట్టీ నిలవక జారింది. సగం కొండ దగ్గర అతనికి ఊపిరి అందలేదు, గడ ఒరిగింది. పక్కనున్నవాళ్ళు పట్టుకున్నారు కాబట్టి నేల తాకలేదు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండునని కొట్రప్పకు అనిపించింది.

ఆ సాయంత్రం స్వామి ఒక్కటే చెప్పాడు. "వచ్చే జాతరకు పట్టీ ఎవరి నడుముకు సరిపోతే వాళ్ళు ఎత్తుకోండప్పా."

మఠంలో నందికోలు మోసేంత ఎత్తున్నవాళ్ళు ఇద్దరే, కొట్రప్ప, పంపాపతి. అప్పటికి ఇద్దరూ లావే. కాబట్టి ఆ మాట ఇద్దరికీ తగిలింది.

మర్నాటి నుంచే కొట్రప్ప రోజుకు రెండుసార్లు కొండ ఎక్కడం మొదలుపెట్టాడు. పొద్దున ఒకసారి, ఎండ తగ్గాక ఒకసారి. అది చాలదన్నట్టు జాతర దాకా రోజూ ఒక్కపొద్దు ఉంటానని మొక్కుకున్నాడు. అన్నం ఒక్క పూటే. పంపాపతి కొండ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. రెండు పూటలా అందరి పంక్తిలోనే కూర్చుని తినేవాడు.

తొమ్మిది నెలలు గడిచాయి. కొట్రప్ప మెట్లెక్కుతుంటే ఇప్పుడు ఆయాసం లేదు, కాళ్ళు రాయిలా గట్టిపడ్డాయి. పొట్ట మాత్రం ఉన్నచోటే ఉంది. పంపాపతికేమో పాత చొక్కా వదులై భుజం మీంచి జారుతోంది.

కొట్రప్పకు ఒళ్ళు మండిపోయింది. పంపాపతి భోజనానికి కూర్చుంటే వడ్డించే నెపంతో ఎదురుగా నిలబడేవాడు. ముద్ద ముద్దకూ చూసేవాడు. చెట్టు కింద నిలబడి ఏదైనా మందాకు నములుతున్నాడేమోనని తోటలోకి కూడా తొంగి చూశాడు. ఒకరోజు పంపాపతి చొక్కా కుట్టు బిగించుకుంటుంటే చూసి, ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాడు.

చివరికి ఉండబట్టలేక స్వామి దగ్గరికి పోయాడు. స్వామి అరుగు మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్నాడు.

"సామీ, మీరు పంపాపతికి ఏదో మందిచ్చినారు. నాకియ్యలేదు."

స్వామి తల ఎత్తలేదు. "ఏం మందప్పా?"

"అదే నేను అడగతాండేది. వాడు కొండెక్కడు. ఒక్కపొద్దు ఉండడు. రెండు పూటలా తింటాడు. నేను రెండుసార్లు కొండెక్కి దిగి, ఒక్క పూట తింటాండా. వాడు చిక్కినాడు, నేను చిక్కలేదు. ఇదేం న్యాయం సామీ?"

"వాడేం తింటాడు?"

కొట్రప్ప గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "పగలు ఒక సంగటి ముద్ద, గరిటెడు ఆకుకూర, లోటా మజ్జిగ. సాయంత్రం అర ముద్ద. పోయిన శుక్రవారం అర కూడా తినలేదు, నిమ్మకాయంత ఇడిసిపెట్టినాడు. ఓళిగలు చేసినప్పుడు ఒకటే తీసుకున్యాడు, అది కూడా సగం తుంచి పక్కోడికి ఇచ్చినాడు."

"నువ్వు?"

"నేను ఒక్కపొద్దు సామీ."

స్వామి వత్తి ఒకటి నలిపి పక్కన పెట్టాడు. పంపాపతిని పిలిపించాడు.

"పంపాపతీ, రేపు నీకు తోట లేదు. పెద్ద ఇత్తడి పళ్ళెం ఒకటి పట్టుకుని పొద్దున నుంచి కొట్రప్ప ఎనక తిరగాల." తర్వాత కొట్రప్ప వైపు చూశాడు. "నువ్వు ఏం తిన్నా, ముందు అంతే వాడి పళ్ళెంలో పెట్టు. ఆ తర్వాతే నీ నోట్లో పెట్టుకో. ఎంగిలి కాకూడదు. సాయంత్రం ఆ పళ్ళెం నా ముందుకు రావాల."

కొట్రప్పకు ప్రాణం లేచి వచ్చింది. సాయంత్రం అదంతా పంపాపతి చేత తినిపిస్తాడని అతనికి అర్థమైపోయింది. పద్దెనిమిదేళ్ళు సేవ చేసినందుకు స్వామి ఇన్నాళ్ళకు తన పక్షం మాట్లాడాడు. వారం రోజులు ఇలాగే తిప్పితే పంపాపతి చొక్కా మళ్ళీ బిగుతవుతుందని లెక్క వేసుకుంటూ సంతోషంగా నిద్రపోయాడు.

తెల్లవారగానే కొండకు బయలుదేరేముందు ఇద్దరూ వంటశాలలో కలిశారు. కొట్రప్ప గుప్పెడు వేయించిన చెనక్కాయ విత్తనాలు, ఒక బెల్లం గడ్డ పళ్ళెంలో పెట్టి, తనూ అంతే తీసుకున్నాడు.

"ఇది తిండి కాదు. కొండెక్కేదానికి బలం," అన్నాడు.

పంపాపతి పళ్ళెం ఎత్తుకుని వెనక నడిచాడు.

కొండమీద కొట్రప్ప ముందు పోతున్నాడు. పంపాపతి పళ్ళెం పట్టుకుని ఇరవై మెట్లకోసారి ఆగుతున్నాడు. నడుము సన్నబడితే ఏం, కాళ్ళు వణుకుతున్నాయి. కొట్రప్ప పైనుంచి చూసి, దాచుకోకుండా నవ్వుకున్నాడు. గవి దగ్గర పూజారి ఇచ్చిన రెండు అరటిపళ్ళు, కొబ్బరి చిప్ప, దోసెడు చక్కెర పొంగలి పళ్ళెంలోకి పోయాయి. ఇంకో అంత కొట్రప్ప తిన్నాడు. ప్రసాదం తిండి కిందికి రాదు కదా.

కిందికి దిగాక ఉగ్గాని, దానిలోకి నాలుగు మిరపకాయ బజ్జీలు.

"అన్నా, ఒక్కపొద్దు కదా?" అన్నాడు పంపాపతి మెల్లగా.

"ఉగ్గాని అన్నమా? బొరుగులప్పా. గాలి. ఊదితే ఎగిరిపోతాయి."

వంట మొదలయ్యాక ఉప్పు చూడటానికి చేతిలో పప్పు, పులుపు చూడటానికి చిత్రాన్నం, తీపి చూడటానికి పాయసం. తీపి కుదిరిందా లేదా అని రెండోసారి కూడా చూడాల్సి వచ్చింది. పాయసం కోసం పంపాపతి ఒక గిన్నె తెచ్చుకున్నాడు.

పగటి పంక్తిలో కొట్రప్ప ఆ రోజుకు తను ఒప్పుకున్న ఒకే ఒక్క భోజనం చేశాడు. మళ్ళీ రేపటిదాకా అన్నం లేదు కాబట్టి మూడు సంగటి ముద్దలు, రెండు మార్లు అన్నం, నెయ్యి, అప్పడాలు. అంతకంటే రెండు ముద్దలు ఎక్కువే తిని పంపాపతి పళ్ళెం నింపుదామనుకున్నాడు గానీ, రోజూ తినేదానికి మించి ఒక్క మెతుకు కూడా పట్టలేదు. పంపాపతి రెండో పళ్ళెం తెచ్చుకున్నాడు.

ఎండ తగ్గాక రెండోసారి కొండ. పంపాపతి సగంలోనే కూలబడ్డాడు. కొట్రప్ప పైనుంచి అతని వాటా ప్రసాదం మోదుగాకులో కట్టి తెచ్చి పళ్ళెంలో దించాడు. కింద పానకం. పొద్దు వాలేవేళ ఫలహారం కింద నాలుగు దోసెలు. పంపాపతి పళ్ళెంలో వాటికి చోటు లేక సంగటి మీద పరిచాడు.

రెండు పళ్ళేలూ, పాయసం గిన్నె, పానకం చెంబూ స్వామి ముందు పెట్టారు. కొట్రప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పంపాపతి ఎక్కడ మొదలుపెడతాడో చూడాలని అతనికి చాలా ఆత్రంగా ఉంది.

స్వామి వాటివైపు ఒకసారి చూసి, వాకిట్లోకి పోయి కేకేశాడు. గొర్రెలను తోలుకుపోతున్న కాపర్లు ముగ్గురు నీళ్ళ కోసం ఆగి ఉన్నారు. పొద్దుటి నుంచీ నడుస్తున్న మనుషులు. వాళ్ళను లోపలికి రమ్మని, ఆకులేసి కూర్చోబెట్టి, స్వామి తన చేత్తోనే వడ్డించాడు. వాళ్ళు మాట్లాడకుండా తిన్నారు. దోసెలు, సంగటి, అరటిపళ్ళు, చిత్రాన్నం. కడుపు నిండాక లేచి చేతులు కడుక్కున్నారు. అడుగున ఇంకా ఒక ముద్ద, రెండు బజ్జీలు మిగిలాయి.

వాళ్ళలో పెద్దాయన తలపాగా తీసి దండం పెట్టాడు.

"ముగ్గురికి సాలి మిగిలిందే సామీ. ఎవరు పెట్టించినారు ఇదంతా?"

"మా కొట్రప్ప," అన్నాడు స్వామి. "ఈ పొద్దు ఆయప్ప ఒక్కపొద్దు."

పెద్దాయన కొట్రప్పకు కూడా దండం పెట్టి, గొర్రెల వెనక వెళ్ళిపోయాడు.

కొట్రప్ప మిగిలిన ముద్ద వైపు చూస్తూ ఉండిపోయాడు. పంపాపతి నవ్వుతాడేమోనని ఓరగా చూశాడు. పంపాపతి నవ్వడం లేదు, నేల చూస్తున్నాడు. నవ్వి ఉంటే కోపమైనా వచ్చేది.

"సామీ," అన్నాడు కొట్రప్ప చివరికి. "నందికోలు వాడికే ఇయ్యండి."

స్వామి పంపాపతికి సైగ చేశాడు. పంపాపతి లోపలికి పోయి తోలుపట్టీ బిగించుకున్నాడు. నడుముకు చక్కగా సరిపోయింది. బయటికొచ్చి, వాకిట్లో గోడకు ఆనించి ఉన్న నందికోలును గిన్నెలోకి ఎత్తుకుని ఒక అడుగు వేశాడు. రెండో అడుగుకు మోకాళ్ళు వణికాయి. మూడో అడుగుకు గంటలన్నీ గలగలమన్నాయి. కొట్రప్ప తనకు తెలియకుండానే ఒక్క అంగలో పోయి గడను పట్టుకున్నాడు.

పంపాపతి చెమటతో తడిసిపోయాడు. పట్టీ విప్పుతూ, కొట్రప్పకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"నోరు కట్టుకున్యా గానీ కాళ్ళు లేవన్నా నాకు. నువ్వు రోజూ రెండు మార్లు ఎక్కతాంటే చూడలేక తోట ఎనకాల కూర్చుంటాంటి. కడుపు మండేది."

కొట్రప్ప గడను మళ్ళీ గోడకు ఆనించాడు. తనని చూసి కుళ్ళుకునే మనిషి ఒకడున్నాడని తొమ్మిది నెలల్లో ఒక్కసారి కూడా అతనికి తట్టలేదు.

"రేపటి నుంచి కొండకు ఇద్దరూ పోండి," అన్నాడు స్వామి. "కిందికొచ్చి ఇద్దరూ ఒకే పళ్ళెంలో తినండి. ఆ పళ్ళెంలో లేనిది నోట్లోకి పోకూడదు." వత్తుల బుట్ట తీసుకుని లోపలికి పోయాడు.

మొదటి పక్షం కొట్రప్ప ప్రాణం తోడేసినట్టయింది. పళ్ళెంలో మధ్యన ఒక సంగటి గుట్ట, ఇద్దరి చేతులూ రెండు పక్కల నుంచి. పంపాపతి చెయ్యి ఆగేది, కొట్రప్ప చెయ్యి ఆగేది కాదు. అప్పుడు పంపాపతి ఊరికే కూర్చుని ఎదురుచూసేవాడు. అలా చూస్తుంటే కొట్రప్పకు ముద్ద దిగేది కాదు, లేచిపోయేవాడు. వంటలో ఉప్పు చూడటం ఇంకొకరికి అప్పగించాడు. ఆకలికి రెండుసార్లు పంపాపతిని ఊరికే తిట్టాడు కూడా.

కొండమీద కథ వేరు. అక్కడ పంపాపతి వెనకబడేవాడు, కొట్రప్ప ఊరికే నిలబడి ఎదురుచూసేవాడు. నెల తిరిగేసరికి పంపాపతి ఆగకుండా సగం దాకా ఎక్కాడు. రెండో నెలలో ఒకరోజు కొట్రప్ప కంటే పది మెట్లు ముందున్నాడు. అది చూసి కొట్రప్పకు మళ్ళీ పాత మంట పుట్టింది. ఆ మంటతోనే అతన్ని దాటి పైకి పోయాడు.

జాతర రోజు పొద్దున పట్టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టారు. ఇద్దరికీ సరిపోయింది. స్వామి చూస్తూ కూర్చున్నాడు. పంపాపతి చాలాసేపు పట్టీ వైపే చూసి, దాన్ని ఎత్తి కొట్రప్ప నడుముకు బిగించాడు.

"ఈ యేడు నీది. వచ్చే యేడు నాది. ఇప్పుడే చెప్తాండా," అన్నాడు. మాటలో నవ్వు లేదు.

ఆ రోజు నందికోలు ఎక్కడా ఒరగకుండా గవి చేరింది. జనం దర్శనానికి లోపలికి పోయాక, కొట్రప్ప పట్టీ విప్పి, స్వామి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. కాస్త దూరంలో పంపాపతి నీళ్ళు తాగుతున్నాడు. ఇన్నాళ్ళుగా అడగాలనుకున్నది ఇప్పుడు అడిగాడు.

"సామీ, ఎక్కువ తింటాండావని ఆ పొద్దే నాకు చెప్పింటే సరిపోయేది కదా. నా తిండి తీసకపోయి వాడి పళ్ళెంలో ఎందుకు పెట్టించినారు?"

స్వామి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు చూస్తాండింది ఆ పళ్ళెం ఒకటే కదప్పా."