ఆముదం పట్టించుకుని పరుగుకి వెళ్లినవాడు

పోలినాయుడు గురువుని ఎవరేం అడిగినా, ముందు గోదాలోంచి పిడికెడు మట్టి తీసి, నలిపి, వాసన చూస్తాడు. జవాబు ఆ తర్వాతే. ఒక్కోసారి ఆ తర్వాత కూడా రాదు.

కుస్తీ గోదా అంటే తవ్విపోసిన మట్టే కదా అని తేలిగ్గా అనేవాళ్లున్నారు. అననీ. పసుపు, మజ్జిగ, వేపాకు పొడి కలిపి, రోజూ తెల్లారకముందే పారతో తిరగేస్తేనే అది గోదా. లేకపోతే ఒట్టి గొయ్యి. ఇన్నేళ్లూ ఆ పార గురువు ఒక్కడే పట్టాడు. ఇప్పుడు మోకాళ్లు వంగడం లేదు. పార చేతికొచ్చినవాడే ఇకమీద గోదాకి పెద్ద. ఎవరికిస్తాడా అని అందరూ కాచుకుని ఉన్న రోజుల్లో శిష్యుడు గవరయ్య ఆయన ఎదట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గురువుగారూ, ఎవరికీ పట్టు దొరకనివాడే కదా అందరికన్నా గట్టివాడు?"

గురువు మట్టి నలిపాడు. వాసన చూశాడు.

"కొండమీద అడ్డంకుల పరుగేదో పెడుతున్నారట. నువ్వూ లింగమూర్తీ వెళ్లండి. మీ ఇద్దర్లో ముందొచ్చినవాడికి పార ఇస్తాను."

లింగమూర్తి పేరు వినగానే గవరయ్య పళ్లు బిగుసుకున్నాయి. ఒకే గోదాలో తోటి శిష్యుడు. రెండేళ్ల కిందట తీర్థం కుస్తీపోటీలో, నలుగురి ముందూ తనని వెల్లకిలా పడేసి నవ్వినవాడు. పడెయ్యడం కుస్తీ. నవ్వడం కుస్తీ కాదు. ఆ రోజునుంచి వాడితో మాటల్లేవు. ఆ నవ్వుని గవరయ్య మర్చిపోలేదు, మర్చిపోవాలని అనుకోనూ లేదు.

పరుగునాడు ఒంటికంతా ఆముదం పట్టించాడు. అరచేతుల దగ్గర్నుంచి మడమలదాకా, చర్మం తాగినంత తాగాక ఇంకో పూత. ఏ వేలికీ దొరక్కూడదు.

కొండంతా పొగమంచు. మనుషులు అందులోంచి పుట్టుకొచ్చి మళ్లీ అందులోనే కరిగిపోతున్నారు. ఈల వినబడింది గానీ ఎటునుంచో తెలియలేదు. గవరయ్య కదిలాడు. కాళ్లు తనవి కానట్టు, ఎవరో కల కంటుంటే అందులో తాను పరుగెడుతున్నట్టు ఉంది. బురద కాలవలో పాకుతుంటే ఎవరెవరి చేతులో తగిలి జారిపోయాయి. తాళ్ల వలకింద దూరితే ఒక్క ముడీ ఆపలేదు. పల్చటి బురద ఒంటిమీద నిలవక కారిపోయింది. వెనక కేకలు, నవ్వులు, ఎక్కడో నీళ్ల చప్పుడు. లింగమూర్తి ఆ తెలుపులో ఎక్కడో వెనకబడ్డాడు. పార అప్పుడే చేతిలో ఉన్నట్టు అనిపించింది.

అప్పుడు మంచులోంచి గోడ లేచింది. నున్నటి పలకలు, మనిషికి రెండింతల ఎత్తు. ఒంటిగా ఎక్కే గోడ కాదది. కిందున్నవాడు ఎగరాలి, పైనున్నవాళ్లు చెయ్యందుకుని లాగాలి. పైన పట్నం అమ్మాయి ఒకతె బోర్లా పడుకుని చెయ్యి చాచింది.

"ఎగురన్నా!"

గవరయ్య ఎగిరాడు. చేతికి చెయ్యి అందింది, జారింది. మళ్లీ ఎగిరాడు, మళ్లీ జారాడు.

"అయ్యో, నువ్వు మనిషివా కొర్రమీనువా అన్నా!" అందా అమ్మాయి. చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు.

ఈలోగా లింగమూర్తి వచ్చాడు. ఒక్క ఎగురు ఎగిరి, ఆ అమ్మాయి చెయ్యే పట్టుకుని పైకి చేరాడు. అక్కణ్ణుంచి అవతలికి దూకితే పార వాడిదే. దూకలేదు. గోడమీద కూర్చుని కిందికి చూశాడు. నవ్వుతాడేమోనని గవరయ్య వాడి మొహమే చూస్తున్నాడు. నవ్వలేదు.

"మట్టి రాసుకోరా" అన్నాడు లింగమూర్తి. రెండేళ్లకి మొదటి మాట.

"నీకెందుకురా? పో. పార నీదేలే."

"పార సంగతి కిందకెళ్లాక చూద్దాం. ముందు రాసుకోరా మొండోడా!"

గోడ పక్కన గుంజల కోసం తవ్విపోసిన ఎర్రమట్టి కుప్ప ఉంది. గవరయ్య దానివంక చూశాడు, పైకి చూశాడు. వాళ్లూ వీళ్లూ అతన్ని దాటుకుని ఎక్కిపోతున్నారు. చివరికి వంగాడు. ఎవరికీ దొరక్కూడదని తోమి తోమి పట్టించిన ఆముదం మీద తన చేతుల్తోనే మట్టి రుద్దుకున్నాడు. ఎగిరాడు. ముంజేతిమీద లింగమూర్తి వేళ్లు బిగిశాయి. ఎముకదాకా తెలిసింది.

గోడమీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కింద నేల లేదు, పైన ఆకాశం లేదు. ఊపిర్లు రెండూ ఒకే పొగయి కలిసిపోతున్నాయి. ఎంతసేపో తెలియదు.

లింగమూర్తి దూకాడు. గవరయ్యా దూకి ఉన్న సత్తువంతా పెట్టి పరుగెత్తాడు. మొహమాటానికి ఓడిపోయే రకం కాడతను. అయినా రెండు బారల వెనకే మిగిలాడు.

పరుగు చివర రాతిమీద కూర్చున్న గురువు పార లింగమూర్తి చేతిలో పెట్టాడు. గవరయ్య ఆ పారవంకే చూశాడు. పార కోసమే కదా వచ్చింది. గురువువైపు తిరిగి, "నేనడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు గురువుగారూ" అన్నాడు.

గురువు అతని కుడిచెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పాడు. ముంజేతిమీద ఆరిన ఎర్రమట్టిలో అయిదు వేళ్లూ అచ్చు పడి ఉన్నాయి.

"ఇవాళ్టికి ఈ చెయ్యి కడుక్కోకు" అన్నాడు.